ఖాళీ రాని కొలువు: బడిలో నాటకం మాస్టారు



ఉద్యోగ విరమణ చేస్తున్న నాటకం మాస్టార్లను అభినందించే సందర్భంలో బాన్సువాడలో నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ ఉపన్యాసాన్ని నూట ముప్పై ఏళ్ల కిందటి ఒక బడిపంతులి స్మృతికి అంకితం చేస్తున్నాను. ఆయన పేరు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. ఒంగోలు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. ఆయనకు నాటకమంటే ప్రాణం. తండ్రి పోయి, తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి పోషిస్తున్న ఒక కుర్రవాణ్ణి ఆయన చేరదీశారు. తాను రాజమండ్రి వెళ్తూ ఆ కుర్రవాణ్ణీ వెంట తీసుకెళ్లి చదివించారు, నాటకాల్లో వేషాలు కట్టించారు. ఆ కుర్రవాడే టంగుటూరి ప్రకాశం. తర్వాత బారిస్టరై, ఆంధ్రకేసరి అనిపించుకుని, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన ప్రకాశం పంతులు. నాయుడుగారి నాటక సమాజం కోసమే యువకుడైన చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రాశారు. వాటిలో ప్రకాశం వేషాలు కట్టారు, ఆడవేషాలతో సహా. ఆ రోజుల్లో తాను అల్లరిచిల్లరగా తిరిగిన సంగతి ప్రకాశం గారు తన ఆత్మకథలో దాచుకోకుండా రాసుకున్నారు. తనను ఒక దారిన పెట్టిన గురువును ఆ పుస్తకంలో మరిచిపోలేదు.

నాటకం ఆడినందువల్లే ఆయన ముఖ్యమంత్రి అయ్యారని నేను అనను. ఒక జీవితం నుంచి అంత పెద్ద సూత్రం లాగడం న్యాయం కాదు. అడగదలచుకున్నది వేరే ప్రశ్న. ఆ బడి నుంచి నాయుడుగారు వెళ్లిపోయినప్పుడు, ఆయన చెప్పే పాఠానికి ఇంకో పంతులు వచ్చి ఉంటాడు. నాటకానికి ఎవరు వచ్చారు? ఈ ప్రశ్నకు అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు. ఇవాళ నా వాదన ఇదొక్కటే: నాటకం మాస్టారిని గౌరవించడమంటే ఆయన చేసిన పనిని ఒక కొలువుగా గుర్తించడం. అది చేయకుండా కప్పే శాలువాకు విలువ తక్కువ.

1

మన ప్రభుత్వ బడిలో లెక్కల సారు రిటైరైతే ఆ నెలాఖరుకు ఒక ఖాళీ ఏర్పడుతుంది. అది జిల్లా విద్యాశాఖ కాగితాల్లోకి ఎక్కుతుంది, బదిలీల్లోనో, పదోన్నతుల్లోనో, డీఎస్సీలోనో ఎప్పటికో ఒకప్పుడు నిండుతుంది. ఆలస్యం కావచ్చు, కాని ఖాళీ ఉందని అందరికీ తెలుసు. నాటకం మాస్టారు రిటైరైతే ఏ ఖాళీ ఏర్పడదు. ఎందుకంటే కాగితం మీద ఆయన నాటకం మాస్టారు కాదు. ఆయన తెలుగు పండిట్, లేదా సోషల్ స్కూల్ అసిస్టెంట్, లేదా పీఈటీ. తెలుగుకు ఖాళీ వస్తుంది, నాటకానికి రాదు. 2021లో తెలంగాణలో ఉద్యోగ విరమణ వయసు 58 నుంచి 61కి పెరిగింది కాబట్టి చాలా బడుల్లో ఈ నష్టం మూడేళ్లు వెనక్కి జరిగింది. తప్పలేదు, అంతే.

సన్మాన సభల్లో ఆయన గురించి చెప్పే మాటలు మీరు వినే ఉంటారు. అంకితభావం, నిస్వార్థం, సొంత డబ్బుతో మేకప్ సామాను కొన్నారు, ఆదివారాలు కూడా రిహార్సల్ పెట్టారు. ఇవన్నీ నిజాలే, చప్పట్లు కొట్టవలసినవే. అయితే ఈ పొగడ్త కింద ఒక ఒప్పుకోలు ఉంది. ఈ పనికి బడి సమయం ఇవ్వలేదు, డబ్బు ఇవ్వలేదు, మనిషిని ఇవ్వలేదు. ఒక మనిషి తన బతుకులోంచి తీసి ఇచ్చాడు. లెక్కల సారును మనం నిస్వార్థంగా లెక్కలు చెప్పారని పొగడం, బాగా చెప్పారని పొగుడుతాం. నాటకం మాస్టారికి కూడా ఆ మాటే దక్కాలి. ఆయన ఏమి బాగా చేశారో చెప్పగలగాలి.

2

ఆ పనేమిటో కాస్త నిదానంగా చూద్దాం. సభలో ఉపాధ్యాయులున్నారు, తప్పుంటే దిద్దండి.

వార్షికోత్సవం నాడు తెర లేచాక మనకు కనిపించేది ముప్పై నిమిషాల నాటిక. మాస్టారి పని అక్కడికి చేరేసరికి అయిపోయి ఉంటుంది. మొదట ఆయన ఎంచవలసింది నాటకాన్ని కాదు, పిల్లల్ని. గొంతు బాగున్నవాడికి ముఖ్య వేషం ఇవ్వడం ఎవరైనా చేస్తారు. క్లాసులో నోరు విప్పని పిల్లకు ఏ వేషం ఇస్తే విప్పుతుందో కనిపెట్టడం విద్య. ఒక్కోసారి ఆ పిల్లకు పెద్ద డైలాగు కంటే ఎదుటి పాత్ర మాట్లాడేంతసేపు రంగస్థలం మీద నిలబడి వినే వేషం ఇవ్వడమే మేలు. వినడం కూడా నటనే అని తెలిసిన మాస్టారు ఆ పని చేస్తాడు. తర్వాత మాట. పుస్తకంలో ఫుల్‌స్టాప్ ఉన్న చోట కాకుండా ఊపిరి ఆగే చోట వాక్యాన్ని విరవడం నేర్పుతాడు. ఆ విరుపు నేర్చుకున్న పిల్లవాడికి వాక్యం అర్థం దానంతట అదే దొరుకుతుంది, ఎందుకంటే అర్థం తెలియకుండా ఎక్కడ విరవాలో తెలియదు. తెలుగు పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్య రాయమంటే మనం అడిగేదీ అదే: ఈ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అన్నారు? రిహార్సల్లో పిల్లవాడు ఈ నాలుగు ప్రశ్నలకూ కాగితం లేకుండా, ఒళ్లంతా పెట్టి జవాబు చెబుతాడు.

ఆ తర్వాత గుంపు. సంతలో జనం, పెళ్లిలో బంధువులు, కోర్టులో చూడవచ్చినవాళ్లు. గుంపులో ప్రతి ఒక్కరికీ ఒక పని పెట్టడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, పక్కవాడు మాట మరిచిపోతే ప్రాంప్టింగ్ కోసం చూడకుండా తనే అందుకోవడం: ఇవన్నీ పిల్లలకు నేర్పవలసిన విషయాలని మన విద్యా పత్రాలన్నీ రాస్తాయి. వాటిని వారాల తరబడి చేయించే చోటు బడిలో ఇంకెక్కడుంది? ఆటల మైదానంలో కొంత ఉంది, ఒప్పుకుంటాను. కాని మైదానంలో ఎదుటివాడు ప్రత్యర్థి. నాటకంలో ఎదుటివాడు బాగా చేస్తేనే నేను బాగా చేయగలను. ఇంకో మాట. దొర వేషం వేసే పిల్లవాడు దొర ఎందుకలా మాట్లాడాడో ఆలోచించక తప్పదు. జీతగాడి వేషం వేసేవాడికీ అంతే. తనకు నచ్చని మనిషి లోపలికి వెళ్లి, అతని కారణాలు తెలుసుకుని, మళ్లీ తన మనిషిగా బయటికి రావడం పదమూడేళ్ల వయసులో అలవాటైతే అది పెద్దయ్యాక ఓటరుగా, పొరుగువాడిగా, తండ్రిగా ఉపయోగపడే అలవాటు.

బాన్సువాడ వంటి చోట ఇంకొక సంగతి కూడా ఉంది. మంజీర ఒడ్డున, నిజాంసాగర్ నీళ్ల కింద బతికే ప్రాంతమిది. ఇక్కడ తెలుగుతో పాటు ఉర్దూ వినిపిస్తుంది, తండాల్లో లంబాడీ, మద్నూర్, జుక్కల్ వైపు వెళ్తే మరాఠీ, కన్నడం. బడికి వచ్చిన పిల్లవాడు ఇంటి మాటను గుమ్మం బయట వదిలి లోపలికి వస్తాడు. పోయిండు, వచ్చిండు అంటే తప్పేమోనని భయపడేవాడు చివరికి ఏమీ అనడు. రంగస్థలం ఆ మాటను లోపలికి రానిచ్చే తలుపు. మన ఆధునిక నాటకం పుట్టుకలోనే ఈ గుణం ఉంది. రాజమండ్రిలో తెలుగు పండితుడుగా ఉన్న కందుకూరి వీరేశలింగం 1880లో తన విద్యార్థులతోనే వ్యవహార ధర్మబోధిని ఆడించారు. కోర్టు వ్యవహారాల్లోని అన్యాయాన్ని జనం మాట్లాడే మాటలోనే చూపించారు. తొలి ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనగా దానినే చాలామంది లెక్కిస్తారు. అంటే మన ఆధునిక రంగస్థలాన్ని తెరిచింది ఒక పంతులు, ఆయన క్లాసు పిల్లలు. పన్నెండేళ్లకు, 1892లో విజయనగరంలో కన్యాశుల్కం రంగమెక్కినప్పుడు వాడుక మాటకు ఎంత బలముందో లోకం చూసింది. ఇక ఈ నేల సంగతి చెప్పాలంటే, బోధన్ దగ్గరి అమ్దాపూర్ నుంచి వచ్చిన చిందుల ఎల్లమ్మ ఆడదై ఉండి మగవేషాలు కట్టి, చిందు యక్షగానాన్ని ఊరూరా ఆడింది. ఆమెకు ఏ బడీ నాటకం నేర్పలేదు, నిజమే. కాని ఆమె విద్యను మన బడుల్లోకి తీసుకురాగలిగిన మనిషి నాటకం మాస్టారు ఒక్కడే, ఆయనా రిటైరవుతున్నాడు.

3

ఇదంతా అభిమానమేనా, రుజువేమైనా ఉందా అని అడగవలసిందే. ఉంది.

కళలు నేర్చుకుంటే చదువు బాగుపడుతుందని లోకమంతా చెప్పుకునే మాటను అమెరికాలో హార్వర్డ్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన ఎలెన్ వినర్, లోయిస్ హెట్లాండ్ 2000 సంవత్సరంలో గట్టిగా పరీక్షించారు. పాత అధ్యయనాలన్నీ పోగు చేసి, ఏ కళ ఏ చదువుకు నిజంగా సాయపడుతుందో పది విషయాల్లో చూశారు. ఫలితం కళాభిమానులకు రుచించలేదు. చాలా చోట్ల కారణ సంబంధం తేలలేదు. నమ్మదగినట్టు తేలినవి మూడే. రెండు సంగీతానికి సంబంధించినవి. మూడవది, తరగతి గదిలో నాటకానికీ పిల్లల భాషా సామర్థ్యానికీ ఉన్న సంబంధం. ఆ భాగాన్ని పరిశీలించిన ఆన్ పొడ్లోజ్నీ 80 అధ్యయనాలను కలిపి చూశారు. పిల్లలు అభినయించిన కథే కాదు, ఆ తర్వాత చదివిన కొత్త కథ కూడా మెరుగ్గా అర్థమైనట్టు తేలింది. కళల గురించి గొప్పలు చెప్పడానికి ఇష్టపడని పరిశోధకుల నుంచి వచ్చిన ఫలితం కాబట్టి నేను దీనికి ఎక్కువ విలువిస్తాను. 2010లో 12 దేశాల వాళ్లు కలిసి వెలువరించిన డైస్ అధ్యయనం 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు 4,475 మందిని గమనించింది. నాటకంలో పాల్గొన్న పిల్లలు చదవడంలో, సంభాషించడంలో తమ మీద తమకు ఎక్కువ నమ్మకం చూపారు, బడిని ఎక్కువ ఇష్టపడ్డారు.

ఇక్కడొక జాగ్రత్త. ఈ ఫలితాలు తరగతి గది నాటకానివి, వార్షికోత్సవ నాటకానివి కావు. ఏడాదికి ఒకసారి పది మంది ఎంపికైన పిల్లలు ఆడే నాటికకు వీటిని సాక్ష్యంగా చూపితే మోసం చేసినట్టే. అయినా వీటి నుంచి నేర్చుకోవలసిన పాఠం నా వాదనకు అనుకూలంగానే ఉంది: లాభం దక్కాలంటే నాటకం వారవారం, క్లాసులో, అందరికీ జరగాలి.

4

ఇప్పుడు అభ్యంతరాలు. వాటిలో బలమైనదాన్నే ముందు తీసుకుంటాను. నాటకం ఇష్టంతో పుట్టేది, దాన్ని ఉద్యోగం చేస్తే చస్తుంది. నాటకం కోసం హనుమంతరావు నాయుడుగారిని ఏ ప్రభుత్వమూ నియమించలేదు, కందుకూరిని ఎవరూ నియమించలేదు. ఇష్టమున్న మాస్టారు ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఉంటాడు, సాయంత్రం బడి వదిలాక పిల్లల్ని పోగేస్తాడు. అదే చాలు. ఇలా అనేవాళ్లు నాటకం పగవాళ్లు కారు, ప్రేమించేవాళ్లే.

వాళ్లకు నా జవాబు ఆ సాయంత్రం అన్న మాటలోనే ఉంది. సాయంత్రం బడి వదిలాక రిహార్సల్ అంటే ఎవరుంటారు? బాన్సువాడలోనే ఇల్లున్న పిల్లలుంటారు. పిట్లం వైపు, బీర్కూర్ వైపు ఊళ్ల నుంచి బస్సులో వచ్చే పిల్లలు ఉండరు. తండాకు నడిచి వెళ్లవలసినవాళ్లు ఉండరు. ఇంటికెళ్లి తమ్ముణ్ణి చూసుకోవలసిన ఆడపిల్ల ఉండదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. టికెట్టు బాధ తీరింది, చీకటి పడుతుందన్న భయం తీరలేదు. కూతుర్ని పంపని తల్లిని తప్పు పట్టే హక్కు మనకు లేదు. ఫలితమేమిటంటే, ఇష్టం మీద నడిచే నాటకం మన కళ్ల ముందే ఊరి మగపిల్లల నాటకంగా కుదించుకుపోతుంది. ఒకప్పుడు ఆడవేషం ప్రకాశం కట్టవలసి వచ్చింది, రంగస్థలం మీదికి ఆడపిల్ల రాలేని కాలమది. మధ్యాహ్నం మూడో పీరియడో, నాలుగో పీరియడో టైంటేబుల్లో నాటకం అని రాసి ఉంటే, ఆ గంటకు బడిలో ఉన్న ప్రతి పిల్లా నాటకంలో ఉంటుంది. ఎవరినీ అనుమతి అడగనక్కర లేదు. కాబట్టి పీరియడ్ కోరడం నాటకం కోసం మాత్రమే కాదు, నాటకం నుంచి ఇన్నాళ్లూ తప్పిపోయిన పిల్లల కోసం.

ఉద్యోగం చేస్తే ఇష్టం చస్తుందా? ఆటలను చూడండి. వ్యాయామోపాధ్యాయుడి పోస్టు లేని కాలంలో కబడ్డీ లేదా? ఉంది. అయినా పోస్టు పెట్టాం, పెట్టాక ఆట చావలేదు. ఆట ఇష్టంలేని పీఈటీలు ఉండొచ్చు, లెక్కలంటే ఇష్టంలేని లెక్కల సార్లు ఉన్నట్టే. అది కొలువు తప్పు కాదు. పొరుగున కర్ణాటకలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో నాటకోపాధ్యాయులను నియమించి చూశారు. కె.వి. సుబ్బణ్ణ హెగ్గోడులో పెంచిన నీనాసం వంటి సంస్థల్లో తర్ఫీదు పొందిన యువకులకు దానివల్ల బడుల్లో చోటు దొరికింది. మనకు సరిహద్దు అవతలే ఉన్న ఉదాహరణ ఇది.

5

రెండో అభ్యంతరం పదో తరగతి ఫలితాలది. తల్లిదండ్రులు అడుగుతారు, ప్రధానోపాధ్యాయులు భయపడతారు. వారానికి ఒక పీరియడ్ పోతే ఏమవుతుందని లెక్క వేసి చూపించడం సులువే. దాని కంటే ముఖ్యమైనది, పాఠం చదివి అర్థం చేసుకోలేని పిల్లవాడు సోషల్లోనూ సైన్సులోనూ కూడా వెనకబడతాడన్న సంగతి. నాటకం తీర్చేది సరిగ్గా ఆ లోటునే. అందుకని ఇది చదువు నుంచి కోసుకున్న గంట కాదు.

మూడోది, మార్కుల సంగతి. నాటకాన్ని సబ్జెక్టు చేస్తే దానికీ పరీక్ష పెడతారు, గైడ్లు అచ్చవుతాయి, పిల్లలు నాటకరంగ చరిత్ర బట్టీపడతారు. ఈ భయం నాకూ ఉంది. పోటీ గురించీ అంతే. కేరళలో 1957 నుంచి జరుగుతున్న స్కూల్ కలోత్సవం ఆ రాష్ట్రానికి ఎందరో కళాకారుల్ని ఇచ్చింది, అదే సమయంలో బహుమతుల కోసం పంతాలూ అప్పీళ్లూ తెచ్చింది. మన బడుల్లో పరిస్థితి ఇంకా కష్టం: చాలా వార్షికోత్సవాల్లో నాటిక పోయి సినిమా పాటకు గ్రూప్ డాన్స్ మిగిలింది. అందువల్ల నేను కోరేది పరీక్ష లేని పీరియడ్, పోటీ లేని ప్రదర్శన. ఏడాది చివర ప్రతి తరగతీ తన ఊరి ముందు ఒక నాటిక ఆడాలి, ఫస్టు, సెకండు ప్రైజుల్లేకుండా.

6

ఇది సాధ్యమా? చట్టం అడ్డం రాదు, పైగా అడుగుతోంది. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు, ఆరోగ్య, వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. 2023 జాతీయ పాఠశాల విద్యా పాఠ్యప్రణాళిక చట్రం కళావిద్యలో చిత్రలేఖనం, సంగీతం, నృత్యంతో పాటు నాటకాన్నీ చేర్చింది. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి తెచ్చిన కృతి అనే పాఠ్యపుస్తకంలో నాటకానికి ప్రత్యేక భాగం ఉంది. పుస్తకం వచ్చింది, చెప్పే మనిషి రాలేదు. మనుషులు లేరా అంటే ఉన్నారు. ఉస్మానియాలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివిన యువకులు ఉన్నారు. ఢిల్లీ జాతీయ నాటక విద్యాలయం పిల్లల కోసం బడి నాటక బృందాన్ని 1989లోనే మొదలుపెట్టింది, కాబట్టి పద్ధతులు కొత్తగా కనిపెట్టనక్కర లేదు. డబ్బు మాటకొస్తే, నాటకానికి లైట్లూ సెట్లూ అక్కర్లేదని చిందు భాగవతులు శతాబ్దాలుగా చూపిస్తూనే ఉన్నారు. బెంగాల్లో నాటకకర్త బాదల్ సర్కార్ వేదికే అక్కర్లేదన్నారు. కావలసింది ఒక ఖాళీ గది, ఒక గంట, పని తెలిసిన ఒక మనిషి.

అంతవరకూ చేయగలిగినవి మన చేతుల్లోనే కొన్ని ఉన్నాయి. ఇక్కడున్న ప్రధానోపాధ్యాయులకు నా మనవి: రిటైరయ్యే మాస్టారి దగ్గర పాతికేళ్ల నాటకాల రాతప్రతులుంటాయి. ఏ వేషం ఏ పిల్లకు ఎందుకిచ్చారో ఆయనకు తెలుసు. సన్మానం తర్వాత వారం లోపల ఆయన పక్కన ఒక చిన్న వయసు ఉపాధ్యాయుణ్ణి కూర్చోబెట్టి అవన్నీ రాయించండి, ఒక ప్రతి బడి లైబ్రరీలో పెట్టండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న తల్లులకు నా మనవి: గోడల మరమ్మతు, తాగునీరు, మరుగుదొడ్ల లెక్కలు చూసే మీరే వారానికి ఒక నాటకం పీరియడ్ కావాలని తీర్మానం చేసి మండల విద్యాధికారికి పంపండి. మీ కూతుళ్లు చీకటి పడకుండా నాటకం నేర్చుకునే దారి అదొక్కటే. పూర్వ విద్యార్థులకు: మాస్టారికి ఉంగరం కొనే డబ్బుతో వచ్చే జూన్ నుంచి ఏడాది పాటు రంగస్థల కళలు చదివిన ఒక యువకుడికో యువతికో గౌరవ వేతనం ఇవ్వండి. ప్రభుత్వం పోస్టు ఇచ్చేదాకా ఒక్క బాన్సువాడ బడిలోనైనా ఆ పీరియడ్ ఖాళీగా ఉండకూడదు.